నడిబొడ్డు లేని వల

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్నమును తాకి, చెట్లును కరెంటు స్తంభములును నేలకొరగిన పిమ్మట, ఆ నగరవాసులకు ఎదురైన ఇక్కట్లలో ఒకటి మిక్కిలి చిత్రమైనది. చేతిలోని సెల్‌ఫోను చెక్కుచెదరలేదు. దానిలో చార్జింగు ఇంకను మిగిలియున్నది. అందలి రేడియో ప్రసారిణియు గ్రాహకమును ఏ లోపమును లేక పనిచేయుచున్నవి. అయినను పక్కవీధిలోని అన్నగారి క్షేమము తెలిసికొనుటకు అది కొరగాకపోయెను. సెల్‌ఫోను తోటి సెల్‌ఫోనుతో నేరుగా మాటలాడునట్లు ఏర్పాటు లేకపోవుటయే ఇందులకు కారణము. ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చుండిన ఇద్దరు ఫోనులో మాటలాడుకొన్నను, ఒకరి గొంతు ముందుగా టవరునకును, అటనుండి కేబులు మీదుగా కంపెనీవారి స్విచింగు కేంద్రమునకును పోయి, మరల ఆ టవరు మీదుగానే తిరిగివచ్చి రెండవవారి చెవిని చేరవలసినదే. టవరు కూలిననేమి, నిలిచియు దానికి కరెంటు అందకున్ననేమి, దానిని నమ్ముకొన్న వేలాది ఫోనులు ఒక్కసారిగా మూగవోవును.

ఈ మూగతనమునకు మూలము యంత్రములలో లేదు, అధికారమును పంచిన తీరులో ఉన్నది. ఎవరి మాట ఎవరికి చేరవలెను, ఏ దారిని చేరవలెను, ఒక దారి మూతపడినచో మరియొకటి యేది అను నిర్ణయములన్నింటిని మనము నడుమనున్న కొలది స్థానములకు కట్టబెట్టి, కొసలనున్న పరికరములను అర్జీదారులుగా నిలిపితిమి. అట్లుగాక ఆ నిర్ణయాధికారమును వలలోని ప్రతి ముడికిని పంచి యిచ్చినయెడల ఆ వల పనిచేయునా, పనిచేసినను ఎన్ని ముడులు తెగువరకు నిలుచును, పెద్ద లేని చోట తగవు పుట్టినచో ఎవరు తీర్తురు అను ప్రశ్నలు వినుటకు రాజనీతిశాస్త్ర ప్రశ్నలవలె తోచును. కాని ఇవి అరువదియేండ్లకు పైగా ఇంజనీర్ల చేత లెక్కలు కట్టించి, అప్పుడప్పుడు వారి చేతులు కాల్చిన ప్రశ్నలు.

వీనిని గణితబద్ధముగా అడిగి సమాధానము రాబట్టిన తొలివారిలో అగ్రగణ్యుడు పాల్ బారన్. ఈయన 1926లో నాటి పోలండులోని గ్రోద్నో పట్టణమున పుట్టి, పసితనముననే తల్లిదండ్రులతో అమెరికా చేరి, ఇంజనీరై, 1959లో కాలిఫోర్నియాలోని శాంటా మోనికా నగరమున గల రాండ్ సంస్థలో ఉద్యోగమునకు కుదిరెను. అవి అమెరికాయు సోవియట్ రష్యాయు అణ్వస్త్రములను ఎక్కుపెట్టి ఒకరినొకరు అనుమానముతో చూచుకొనుచున్న దినములు. అమెరికా దూరశ్రవణ వ్యవస్థ అంతయు మెట్లుమెట్లుగా కట్టినది. క్రింది ఎక్స్ఛేంజీలు పైవానిపై ఆధారపడి, తుదకు దేశమంతటి దూరపు సంభాషణలును కొలది మహాకేంద్రముల గుండా పోవుచుండెను. ఆ కొలది కేంద్రములు నశించినచో దేశాధ్యక్షుని ఆజ్ఞ సేనలకు చేరదు. యుద్ధమును ఆరంభింపుమను ఆజ్ఞయే కాదు, ఆపుమను ఆజ్ఞయు చేరదు. దూరముగా పోవు హ్రస్వతరంగ రేడియో ఆకాశమున ఎత్తున గల అయనావరణముపై పడి పరావర్తనము చెందుట చేతనే పనిచేయును గనుక, అణువిస్ఫోటము ఆ ఆవరణమును కలతపెట్టినచో అదియును గంటల కొలది నిరుపయోగమగును. తన గొంతు ముందుగా తెగిపోవునేమో అని భయపడు పక్షము తొందరపడి ముందే బాణము విడుచును. కాబట్టి దెబ్బతినియు మాటలాడగల వ్యవస్థ ఇరుపక్షములకును ఉండుట శాంతికే మేలని బారన్ తలచెను. ఆయన తన పరిశోధనలో అధికభాగమును రహస్యముగా దాచక 1964లో పదకొండు సంపుటములుగా బహిరంగముగా ప్రకటించుటకు గల కారణములలో ఇదియొకటి.

ఆయన మొదటి ఊహ మిక్కిలి సరళమైనది. దేశమంతట ఊరూర మధ్యతరంగ రేడియో స్టేషనులు కలవు. వాని తరంగములు నేలను అంటి పోవును గాన అయనావరణముతో నిమిత్తము లేదు. ఒక స్టేషను పలికిన చిన్న సందేశమును పక్క స్టేషను, దానిని ఆపై స్టేషను అందుకొని పలికినచో దేశము ఈకొస నుండి ఆకొసకు వార్త చేరిపోవును. సైన్యాధికారులు దీనిని విని, అంత కొద్దిపాటి వార్తలతో తమ పని తీరదని పెదవి విరిచిరి. వలసినంత సామర్థ్యము గల వ్యవస్థనే ఇచ్చి వారి నోరు మూయించవలెనని బారన్ మరల లెక్కలకు కూర్చుండెను.

ఆ లెక్కలలో నుండి వచ్చిన మూడు బొమ్మలు నేటికిని పాఠ్యగ్రంథములందు కానవచ్చుచున్నవి. మొదటిదానిలో స్థానములన్నియు ఒకే నడిమి స్థానమునకు కట్టబడియుండును. ఆ ఒక్కటి పోయిన సర్వమును పోవును. రెండవదానిలో అట్టి చిన్న గుంపులు అనేకము, తమ తమ పెద్దల ద్వారా ఒకదానితో నొకటి ముడిపడియుండును. నాటి టెలిఫోను వ్యవస్థ ఇట్టిది. మూడవదానిలో పెద్ద యనువాడే లేడు. ప్రతి స్థానమును తన ఇరుగుపొరుగు స్థానములతో మాత్రమే కలసియుండును. దీనికి ఎంత తంతి అదనముగా కావలెనన్నది అసలు ప్రశ్న. స్థానములన్నింటిని ఎట్లో ఒకట్లు కలుపుటకు చాలినంత తంతిని ఒక వంతు అనుకొందము. రెండు వంతులైనచో ప్రతి స్థానమునకు నలుగురు పొరుగువారు, మూడు వంతులైనచో ఆరుగురు ఏర్పడుదురు. బారన్ ఇట్టి వలలను కంప్యూటరులో కల్పించి, స్థానములను యాదృచ్ఛికముగా చెరపుచు, మిగిలినవానిలో ఎన్ని ఇంకను ఒకదానితో నొకటి మాటలాడగలవో లెక్కించెను. తంతి ఒక్క వంతే ఉన్నప్పుడు కొలది దెబ్బలకే వల తునాతునకలగును. కాని మూడు వంతులు చేరునప్పటికే మిక్కిలి భారీ దాడికిని బ్రదికి మిగిలిన స్థానములలో బహుభాగము ఒకే సముదాయముగా నిలిచెను. అంతకు మించి తంతి పోసినను అదనపు లాభము స్వల్పము. అనగా నమ్మదగని చవుక సామగ్రితో నమ్మదగిన వ్యవస్థను కట్టవచ్చును. అందుకు వలసిన అదనపు వెచ్చమును మనము భయపడినంత కాదు.

అయితే తంతులు ఎన్ని యుండిననేమి, ఏ తంతిపై పోవలెనో చెప్పువాడు లేనిచో వార్త కదలునా? బారన్ ప్రతిభ యథార్థముగా వెల్లడియైనది ఈ ఘట్టమునందే. నాటి టెలిఫోనులో కంఠధ్వని విద్యుత్తరంగముగా మారి తంతిపై పోవుచు, ప్రతి లంకె దగ్గరను కొంత మసకబారును. కావున లంకెలు ఎక్కువైనకొలది మాట గురగురగా మారి తెలియకుండ పోవును. పదుల కొలది స్థానముల గుండా దూకుచు పోవలసిన వార్తకు ఆ పద్ధతి తగదు. సున్నలును ఒకట్లునుగా మార్చిన వార్తకు ఈ క్షయము లేదు. ప్రతి స్థానమును దానిని చదివి, కొత్తదానివలె మరల వ్రాసి పంపగలదు. ఆయన వార్తను 1024 బిట్ల ఖండములుగా కోసి, ప్రతి ఖండము నెత్తిన మూడు విషయములు వ్రాయుమనెను: ఎవరికి, ఎవరి నుండి, ఇంతవరకు ఎన్ని చేతులు మారినది. ఈ మూడవ అంకెయే ఆ వ్యవస్థకు ప్రాణము. బారన్ తానే దీనిని తపాలా కచేరీ దృష్టాంతముతో విశదీకరించెను. పటము లేని పోస్టుమాస్టరు ఒకడు కలడనుకొనుడు. ఉత్తరములు నలుదిక్కులనుండి వచ్చుచున్నవి. శికాగో నుండి వచ్చిన జాబులపై ముద్రల తేదీలను పరికించి, తూర్పుబాటన వచ్చినవి తాజాగాను, దక్షిణపు బాటన వచ్చినవి పాతబడియు ఉన్నట్లు కనిపెట్టెనేని, శికాగోకు పంపవలసిన జాబులను తూర్పుబాటననే పంపుట మేలని ఎవరును చెప్పకయే గ్రహించును. అట్లే ప్రతి స్థానమును తన గుండా పోవు ఖండముల మీది చేతిమార్పుల సంఖ్యను చూచి, ఏ ఊరికి ఏ దారి దగ్గరయో తనంతట తానే నేర్చుకొనును. దగ్గరి దారి క్రిక్కిరిసియున్నచో ఖండమును నిలువ ఉంచుకొనక తరువాతి దారిని తోసివేయును. ఒక తంతి తెగినచో ఆ వైపు నుండి వచ్చు ఖండములు ఆగిపోవుట చేతనే సంగతి తెలిసికొని తన పట్టికను దిద్దుకొనును. దేశమంతటి పటము ఎవరియొద్దను ఉండదు, ఉండనవసరమును లేదు.

అమెరికా టెలిఫోను ఏకఛత్రాధిపత్యము వహించిన ఏటీ అండ్ టీ కంపెనీ ఇంజనీర్లు దీనిని నమ్మలేదు. టెలిఫోను ఎట్లు పనిచేయునో ఈ కుర్రవానికి తెలియదని తలచి, ఆయనకే పాఠములు చెప్పిరి. వాయుసేన 1965లో నిర్మింపుడని సిఫారసు చేసెను గాని, ఆ పని అంకాత్మక విద్యలో అనుభవము చాలని వేరొక రక్షణ విభాగము చేతికి పోవునట్లుండుట గమనించి, వారు పాడుచేసినచో ఊహకే అపకీర్తి వచ్చునని బారన్ తానే దానిని ఆపించెను. తన బిడ్డను కాపాడుటకు దాని పుట్టుకను వాయిదా వేసిన వివేకము అందరికి ఉండదు.

అదే 1965లో ఇంగ్లండులోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో డొనాల్డ్ డేవిస్, బారన్ మాట ఎరుగకయే, అణుయుద్ధముతో సంబంధము లేకయే, కంప్యూటర్ల నడుమ సంభాషణకు ఇదే ఖండపద్ధతిని కనుగొని, ఆ ఖండమునకు ప్యాకెట్టు అని పేరుపెట్టెను. ఖండపు పొడవు సైతము ఆయనకును 1024 బిట్లే! ఈ రెండు పాయలును 1960ల చివర అమెరికా రక్షణశాఖ వారి ఆర్పానెట్‌లో కలిసినవి. ఆర్పానెట్ అణుబాంబులకు తట్టుకొనుటకై కట్టినదను మాట జనశ్రుతిగా వ్యాపించినది గాని అది సరికాదు. దూరపు కంప్యూటర్లను పరిశోధకులు పంచుకొనుటకై అది పుట్టినది. 1969 అక్టోబరు 29వ తేదీ రాత్రి లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము నుండి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు లాగిన్ అను మాటను పంపబూనగా, మొదటి రెండక్షరములు చేరగానే అవతలి కంప్యూటరు కుప్పకూలెను. గంటసేపటికి బాగుపడినది.

ఇంతవరకు చదివినవారు కేంద్రము లేని వల మృత్యుంజయమని భ్రమపడవచ్చును. దానికి తనదైన జబ్బు ఒకటి కలదు. 1980 అక్టోబరు 27న ఆర్పానెట్‌కు అది సోకి, వలయంతయు కొన్ని గంటలపాటు స్తంభించెను. ఏ తంతియు తెగలేదు, ఏ శత్రువును దాడి చేయలేదు. నాటికి ఆర్పానెట్‌లో ప్రతి స్థానమును తన లంకెల స్థితిని గూర్చి ఒక చిన్న ప్రకటనను పొరుగువారికి పంపును. వారు తమ పొరుగువారికి. అట్లు అది వలయంతట పొర్లును. ఏది పాతది, ఏది కొత్తది అని తెలియుటకు ప్రతి ప్రకటనకును 0 మొదలు 63 వరకు ఒక వరుససంఖ్య ఇత్తురు. 63 తరువాత మరల సున్న. ఇట్లు చక్రముగా తిరుగు అంకెలలో ఏది తరువాతిదో తేల్చుటకు ఒక నియమము కలదు: ముందునకు లెక్కించినచో 32 అడుగులకు మించకుండ చేరునది కొత్తది. ఆ దినమున యంత్రలోపము వలన ఒక స్థానపు ప్రకటన మూడు రూపులు దాల్చెను. అసలు సంఖ్య 44; ద్విసంఖ్యామానమున అది 101100. యంత్రపు జ్ఞాపకములో ఒక బిట్టు రాలిపోగా 101000, అనగా 40. మరియొక బిట్టు రాలగా 001000, అనగా 8. నియమమును పట్టి చూడుడు: 8 కంటె 40 కొత్తది, ఏలయన అది సరిగా 32 అడుగుల దూరము, 40 కంటె 44 కొత్తది, 44 నుండి ముందునకు పోయి, 63 దాటి, 28 అడుగులలో 8ని చేరుదుము గనుక 44 కంటె 8 కొత్తది! మూడింటిలో ప్రతిదియు వేరొకదానికంటె కొత్తదే. ప్రతి స్థానమును 8ని చూచి దానిని పొరుగునకు పంపును, అంతలో 40 వచ్చిన దానిని నమ్మి పంపును, 44 వచ్చిన దానిని, మరల 8ని. ఈ చక్రమునకు అంతము లేదు. ఇట్టి ప్రకటనలకు మామూలు వార్తల కంటె ముందుపీట వేయుట ఆచారము గాన అసలు వార్తలకు చోటే లేకపోయెను.

చెడిన యంత్రమును ఆపివేసినను రోగము పోలేదు. అప్పటికే ఆ మూడు ప్రకటనలు దేశమంతట ప్రతి స్థానములోను తిరుగుచుండెను. ఏ ఒక్క స్థానమును ఆపి మరల నడిపినను పొరుగువారు తక్షణమే దానికి ఆ మూడింటిని అంటింతురు. తుదకు ఆ స్థానము పేరిట వచ్చు ప్రకటనలను లెక్కచేయవద్దని ప్రతి యంత్రపు ప్రోగ్రామును దిద్దుచు పోవలసివచ్చినది. బారన్ లెక్కలు మరణించు స్థానములను గూర్చి చెప్పినవే గాని, బ్రదికియుండి అబద్ధము చెప్పు స్థానములను గూర్చి చెప్పినవి కావు. నమ్మకముపై నిలుచు సంఘమునకు చావుకంటె అపవార్తయే ఎక్కువ ప్రమాదము. 1983లో రాడియా పెర్ల్‌మన్ ఇట్టి విషచక్రము తనంతట తానే శమించు పద్ధతిని రచించెను. ప్రతి ప్రకటనకును ఆయుష్షు విధించి, గడువు మీరినదానిని తుడిచివేయుట ఇట్టి పద్ధతులన్నింటికి కీలకము.

అయినను జబ్బు పూర్తిగా నయమైనదనలేము. నేటి ఇంటర్నెట్టు డెబ్బదివేలకు పైబడిన స్వతంత్ర వలల సమాఖ్య. కంపెనీలు, విశ్వవిద్యాలయములు, ప్రభుత్వములు ఎవరి వల వారిది. ఈ చిరునామాలు మా వైపున కలవని ప్రతి వలయు పొరుగు వలలకు చాటును. వారు ఆ మాటను పైవారికి చాటుదురు. 2008 ఫిబ్రవరి 24న యూట్యూబును తమ దేశమున ఆపుమను ఉత్తరువు మేరకు పాకిస్తాన్ టెలికాం సంస్థ, యూట్యూబునకు చెందిన 1024 చిరునామాల మడిలో 256 చిరునామాల చెక్క తనదేనని లోలోపల చాటుకొనెను. ఆ చాటింపు పొరపాటున హాంగ్‌కాంగ్ కంపెనీ ద్వారా బయటికి పొక్కినది. పెద్ద మడిని గూర్చిన చాటింపుకంటె అందలి చిన్న చెక్కను గూర్చిన చాటింపునే నమ్మవలెనని ఇంటర్నెట్టు నియమము. చిన్నదానిని చెప్పువానికి నిక్కచ్చి సంగతి తెలిసియుండునని దాని భావము. కావున ప్రపంచములో అధికభాగము నుండి యూట్యూబును కోరిన వార్తలన్నియు రెండు గంటలసేపు పాకిస్తానునకు పోయి అచట శూన్యములో కలిసెను. యూట్యూబువారు చేసిన చికిత్స ముచ్చటైనది: తామును ఆ 256ను, ఆపై అందులో సగమగు 128 చిరునామాల చెక్కలను వేర్వేరుగా చాటి, అబద్ధముకంటె నిక్కచ్చియైన నిజముతో దానిని గెలిచిరి. ఏ చిరునామాకు ఎవరు హక్కుదారో గూఢలిపి సంతకముతో రుజువుచేయు పద్ధతి అటుపిమ్మట క్రమముగా వ్యాపించుచున్నది.

ఇంతకంటె నన్ను కలవరపరచునది వేరొకటి కలదు. కేంద్రము లేని వలపైననే మనము కొత్త కేంద్రములను కోరి కట్టుకొనుచున్నాము. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ కంపెనీ తన సొంత వలలో మరమ్మతు చేయుచు ఇచ్చిన ఒక ఆజ్ఞ తప్పుగా పరిణమించి, దాని కేంద్రముల నడుమ లంకెలన్నియు తెగెను. చిరునామాలు చెప్పవలసిన దాని యంత్రములు తమకే దారి కానరాక, మేమున్నామను చాటింపును ఉపసంహరించుకొనెను. ఇంటర్నెట్టునకు ఏమియు కాలేదు, తక్కిన వలలన్నియు యథాప్రకారము నడచినవి. కాని ఆ కంపెనీదే యగు వాట్సాప్ సుమారు ఆరుగంటలు మూగవోగా, మనదేశమున కోట్లాదిమందికి ఆ రాత్రి ఇంటర్నెట్టే పోయినట్లు తోచెను. ఆల్బర్ట్, జియోంగ్, బరబాసి అను ముగ్గురు శాస్త్రజ్ఞులు 2000లో నేచర్ పత్రికయందు దీని గణితమును ముందే చూపియుండిరి: కొలది ముడులకు వేలాది లంకెలు, తక్కిన అసంఖ్యాకమైనవానికి ఒకటి రెండు మాత్రమే యుండు వల, యాదృచ్ఛికమైన దెబ్బలను ఎన్నింటినైనను సహించును గాని, ఆ పెద్ద ముడులను ఏరి కొట్టినచో త్వరలో చీలికలైపోవును. ఎవరును ఆజ్ఞాపింపకయే, సౌకర్యము కొరకు మనమందరము పెద్దవాని వైపే మొగ్గుటచేత, వల అట్టి రూపు దాల్చుచున్నది.

మధ్యేమార్గము లేకపోలేదు. ఈ-మెయిలు 1982 నాటి నియమావళిపై నేటికిని నడచుచు, ఒక కంపెనీ ఖాతాదారు వేరొక కంపెనీ ఖాతాదారునకు నిరభ్యంతరముగా జాబు పంపుకొనుటకు వీలిచ్చుచున్నది. వాట్సాప్ జాబును వేరొక సంస్థ పెట్టెలో వేయుట అంత సులభము కాదు. 2016లో జర్మనీలో మొదలైన మాస్టొడాన్ ఈ సమాఖ్య పద్ధతిని సామాజిక మాధ్యమమునకు తెచ్చెను. 2018లో వరల్డ్ వైడ్ వెబ్ సంఘము వారు ఇట్టి సర్వర్లు పరస్పరము మాటలాడు భాషను ప్రమాణముగా అంగీకరించిరి. అయితే ఇందలి కష్టములను దాచి పొగడుట న్యాయము కాదు. ప్రతి చిన్న సర్వరునకును ఒక యజమాని కావలెను. ఆయన కరెంటు బిల్లు కట్టవలెను, దుర్భాషలాడువారిని అదుపుచేయవలెను, విసిగి మూసివేసినచో సభ్యుల గతి యేమి? ఈ-మెయిలులో సైతము వ్యర్థజాబుల బెడద వలన పెద్ద కంపెనీలు పేరెరుగని సర్వర్లను శంకించుచు వాని జాబులను త్రోసిపుచ్చుచున్నవి. అందుచేత సొంత సర్వరు నడపుట నిపుణులకే ప్రయాసయైనది. అందరికిని తెరచిన తలుపు దొంగకును తెరచినదే.

ఇక కంపెనీయు సర్వరును ఏదియు లేని పద్ధతి సంగతి. 2004 డిసెంబరులో హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన బృందమొకటి భారతీ ప్రసాద్ నాయకత్వమున పోర్ట్ బ్లెయిరునకు పోయి, అండమాను నుండి ప్రపంచపు హామ్ రేడియోవారితో మాటలాడుచుండెను. ఏండ్ల తరబడి ఆ దీవుల నుండి అట్టి ప్రసారములకు అనుమతి లేకుండుటచే, ఆ పలుకులను అందుకొనుటకు దేశదేశముల ఔత్సాహికులు చెవులు రిక్కించియుండిరి. డిసెంబరు 26 ఉదయము భూకంపమును సునామీయు వచ్చి దీవుల టెలిఫోనులు మూగవోవగా, వినోదమునకై తెచ్చిన ఆ పరికరములే ప్రధానభూమితో అండమానును కలిపిన వార్తామార్గమయ్యెను. బంధువుల క్షేమము కొరకు తపించుచున్నవారి ప్రశ్నలును, అధికారుల సందేశములును ఆ స్టేషను ద్వారా సాగినవి. ఒక రేడియో, ఒక బ్యాటరీ, కొన్ని గజముల తీగ. తక్కినది అయనావరణము, అది ఏ కంపెనీ ఆస్తియు కాదు. ప్రతి హామ్ స్టేషనును స్వయంసంపూర్ణమైన వల. నైపుణ్యమును లైసెన్సును గల మనిషి దానికి కావలెను. అదియే దాని బలము, అదియే పరిమితి.

ఆ నైపుణ్యమును యంత్రమునకే నేర్పిన చిన్న రేడియోలు ఇటీవల అరచేతిలోనికి వచ్చినవి. మనదేశమున లైసెన్సు అవసరము లేని 865 మెగాహెర్ట్జ్ ప్రాంతమున నడచు లోరా రేడియోలు అణువంత శక్తితో కిలోమీటర్ల దూరము చిట్టి సందేశములను పంపును. 2020లో ఆరంభమైన మెష్‌టాస్టిక్ అను ఉచిత ప్రోగ్రాములో, సందేశమును వినిన ప్రతి రేడియోయు వెంటనే మరల పలుకదు. క్షణకాలము ఆగును, ఆ లోపల వేరొకటి పలుకుట విన్నచో ఊరకుండును. సందేశము తనకు బలహీనముగా వినబడినచో తాను దూరముననున్నట్లు గ్రహించి తక్కువసేపు ఆగును. ఏలయన దూరముననున్న రేడియో పలికినపుడే మాట ముందునకు సాగును. మామూలుగా మూడు చేతులు మారిన పిమ్మట సందేశము ఆగిపోవును.

మరి కోటిమంది నగరమంతయు టవర్లను విడిచి ఇట్లే మాటలాడుకొనరాదా? ఇందులకు గణితము అడ్డుచెప్పుచున్నది. పీయూష్ గుప్తా, మద్రాసు ఐఐటీలో చదివిన పి. ఆర్. కుమార్ 2000లో చూపినదేమనగా, స్థిరముగా నున్న రేడియోలు ఒకదాని మాట ఒకటి మోయుచున్నపుడు, వాని సంఖ్య పెరిగినకొలది ప్రతిదాని వంతునకు వచ్చు సామర్థ్యము సంఖ్య వర్గమూలమునకు విలోమముగా తగ్గుచు, అంతకంటెను కొంచెము త్వరితముగానే క్షీణించును. ప్రతి రేడియోయు తన మాటకంటె ఎక్కువగా పరుల మాటను మోయవలసివచ్చుటయు, ఒకటి పలుకునపుడు చుట్టుపట్లవి మౌనము వహింపవలసివచ్చుటయు ఇందులకు కారణములు. కావున తుపాను దినమున ఊరిలో క్షేమసమాచారములకు చాలిన ఈ పద్ధతి, పండుగనాడు నగరమంతయు సినిమాలు చూచుటకు చాలదు.

ఈ నియమమునకు ఒక విచిత్రమైన సందు కలదు. గ్రాస్‌గ్లాసర్, డేవిడ్ ట్సే అనువారు మరుసటి సంవత్సరములలో నిరూపించినట్లు, రేడియోలు కదలుచుండి, వార్త ఆలస్యముగా చేరినను ఫరవాలేదనుకొన్నచో, సంఖ్య ఎంత పెరిగినను ఒక్కొక్కదాని వంతు తరుగదు. మాటను గాలిలో చేతులు మార్చుటకు బదులు, మనిషియో బండియో దానిని మోసికొనిపోయి, గమ్యము దాపునకు వచ్చినపుడు మాత్రమే రేడియోతో అందించును. 2000ల తొలినాళ్లలో కర్ణాటకలోని దొడ్డబళ్లాపుర ప్రాంతమున డాక్‌నెట్ అను ప్రయోగము దీనినే ఆచరణలో పెట్టినది. భూమి రికార్డుల కొరకు పల్లె కియోస్కులో పెట్టిన అర్జీ అచ్చటి కంప్యూటరులో వేచియుండును. వైఫై పెట్టె అమర్చిన బస్సు స్టాపున ఆగి ప్రయాణికులను ఎక్కించుకొనుచుండగనే అర్జీ దానిలోనికి ఎక్కును. బస్సు పట్టణము చేరగనే అచట దిగి కచేరీకి పోవును. తిరుగుప్రయాణమున జవాబు పల్లెకు వచ్చును.